ఐదు ట్యూబుల నెత్తురు

మనుషుల నెత్తురు తీయడం నా పని. ఇందులో గొప్పా లేదు, సిగ్గూ లేదు. పెద్దవంగరలో పుట్టాను, జనగామలో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివాను, అక్కడే బస్టాండు వెనక ఒక ల్యాబులో ఆరేళ్లు షుగరు, థైరాయిడు పరీక్షలు చేశాను. పేరు సంజయ్. ఎండిపోయిన ముసలి చేతుల్లో కూడా ఒక్క పోటుకే నరం పట్టుకుంటాడని నాకో పేరుండేది. ఆ పేరు విని నన్ను పిలిపించుకున్నారు దయాకర్ సార్. ఆ పేరే లేకపోతే ఈ కథ ఇంకెవడి నెత్తినో పడేది, నేను హాయిగా జనగామలో రిపోర్టులు కొట్టుకుంటూ ఉండేవాణ్ణి.

సార్ హైదరాబాదులో పరిశోధకుడు. గుట్టల్లో బతికే జనం ఎక్కడి నుంచి వచ్చారో వాళ్ల నెత్తురులో వెతకడం ఆయన పని. తల్లి నుంచి పిల్లలందరికీ దిగే గుర్తు ఒకటుంటుందట. తండ్రి నుంచి మగపిల్లలకు మాత్రమే దిగే గుర్తు ఇంకొకటి. ఆ రెండూ చూస్తే ఒక ఊరి తల్లులు ఎక్కడివాళ్లో, తండ్రులు ఎక్కడివాళ్లో వేల ఏళ్ల వెనక్కి పోయి చెప్పొచ్చు. వినడానికి నాకూ బాగుండేది. మూడేళ్ల ప్రాజెక్టు, బాగా చేస్తే పర్మనెంటు చేయిస్తానని సార్ మాట ఇచ్చారు. ఆ ఆశ మీద సూదులు, ట్యూబులు, ఐస్ బాక్సు బొలెరోలో వేసుకుని గుట్టలన్నీ తిరిగాను.

కాటారం దాటి, తారు రోడ్డు దిగి, బండి ఇక ఎక్కలేని చోటు నుంచి గంట నడిస్తే గుట్ట మీద నలభై గడపల ఊరొకటి వస్తుంది. తునికిగూడెం అందాం, అసలు పేరు రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. ఆ ఊళ్లో ఇల్లు అంటే గోడలూ కప్పూ కాదు, వంశం. ఎగువిల్లు, వాగిల్లు, ఇంకో మూడు ఇళ్లు. ఒక ఇంటి మగవాళ్లంతా ఒక్క తండ్రి బిడ్డలు, ఎన్ని తరాలు గడిచినా సరే. ఆ ఇంట్లో పుట్టిన ఆడపిల్ల ఆ ఇంటి మగవాడికి చెల్లెలే. పిల్లనివ్వాలన్నా, తెచ్చుకోవాలన్నా వేరే ఇంటితోనే. తక్కిన నియమాలు ఎప్పుడైనా సడలిస్తారేమో గానీ, ఈ ఒక్కదాని కోసం వాళ్లు ఏదైనా వదులుకుంటారు.

ఎగువింటికి పెద్ద పెద్దులు. ఆయన భార్య కట్టమ్మ వాగింటి ఆడపడుచు. వాళ్ల ఒక్క కొడుకు నగేశ్. వాగింట్లో కట్టమ్మ తమ్ముడు ఐలేశ్, అతని కూతురు లత. నగేశ్‌కు లతను ఇవ్వాలని పిల్లలు నడక నేర్చే రోజుల్లోనే అనుకున్నారు. నేను మొదటిసారి ఆ ఊరు ఎక్కిన మార్చిలో, ఇంకో నెలలో వాళ్ల పెళ్లి.

నెత్తురు ఇవ్వడానికి మొదట ఎవరూ ముందుకు రాలేదు. ఎందుకు కొడుకా మా నెత్తురు, ఏం చేసుకుంటరు అని కట్టమ్మ నిలదీసింది. సార్ చెప్పబోయారు గానీ, సార్ మాటలు పుస్తకంలో మాటలు. నేనే అందుకున్నాను.

"మనిషి మర్సిపోతడు అవ్వా. అబద్దం గూడ ఆడతడు. నెత్తురు మర్వదు, అబద్దమాడదు. మీ తాతల ముచ్చట అంత దాంట్లనే ఉంటది," అన్నాను.

ఆమె నన్ను చాలాసేపు చూసి, అందరికంటే ముందు తన చెయ్యి చాపింది. దాంతో ఊరు కదిలింది. లత ఇంటర్ చదివిన పిల్ల. ఒప్పుకోలు కాగితాలు గట్టిగా చదివి, ఒక్కొక్కరికీ విడమరిచి చెప్పి వేలిముద్రలు వేయించింది. సూది చూసి నగేశ్ కళ్లు మూసుకుంటే, గీ ధైర్యంతోని నన్ను ఏలుకుంటవా అని పదిమందిలో ఆటపట్టించింది. మధ్యాహ్నానికి నేను ఆ ఊరివాణ్ణే అయిపోయాను. ఆమె నన్ను అన్నా అనడం మొదలుపెట్టింది.

ఇక నేను చేసిన పని చెబుతాను.

ఇంటికి ఎనిమిది మంది మగవాళ్ల నెత్తురు కావాలి. నాలుగు ఇళ్లవాళ్లు సరిపోయారు. వాగింట్లో ముగ్గురే దొరికారు. మిగతా ఐదుగురు ఐలేశ్ వెంట మిర్చి ఏరడానికి మహబూబాబాద్ దిక్కు పోయారు, పదిహేను రోజులకు గానీ రారు. జనం ఒప్పుకోగానే సార్ వేరే పని మీద వెళ్లిపోయారు. మిగిలింది నేనూ, డ్రైవరూ, కరిగిపోతున్న ఐసూ. మర్నాడు ఇంకో గుట్ట, ఆ మర్నాడు ఇంకోటి. ఐదు ట్యూబుల కోసం మళ్లీ ఇంత దూరం ఎవడొస్తాడు అనుకున్నాను.

ప్రతి మనిషి దగ్గరా రెండు ట్యూబులు తీస్తాం. ఒకటి పరీక్షకు, ఒకటి అవసరానికి దాచేది. జనగామ క్యాంపుల్లో ఒకరి నెత్తురు గడ్డకడితే పక్కవాడి రిపోర్టే రాసి పంపడం నేను చూశాను, ఒకటి రెండుసార్లు చేశాను కూడా. ఎవరూ చావలేదు. ఆ అలవాటే ఇక్కడ పనికొచ్చింది. ఎగువింటి మగవాళ్ల దాపుడు ట్యూబుల్లో ఐదు బయటికి తీశాను. చీటీలు గోకేసి వాగింటి నంబర్లు అంటించాను. ఐదు ఒప్పుకోలు కాగితాల మీద నా ఎడమచేతి ఐదు వేళ్లూ ఒక్కొక్కటిగా ఒత్తాను. గుట్ట దిగాక, బొలెరో బానెట్ మీద పెట్టుకుని చేసిన పని ఇదంతా. డ్రైవర్ బీడీ కాల్చుకుంటున్నాడు. పావుగంట పట్టింది.

ఇది జ్వరం పరీక్ష కాదు, క్యాన్సర్ పరీక్ష కాదు. ఎప్పుడో వేల ఏళ్ల నాటి ముచ్చట. ఎవరికి నష్టం అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

ఏప్రిల్లో నగేశ్, లతల పెళ్లయింది. నన్ను పిలిచారు, పోలేకపోయాను.

ఫలితాలు నవంబర్లో వచ్చాయి. లోకానికి చెప్పేముందు ఊరికి చెప్పాలన్నది సార్ పట్టుదల. వాళ్ల నెత్తురు, ముందు వాళ్లకే తెలియాలి అనేవారు. భూపాలపల్లి దాటాక బండిలో ఒక కాగితం నా చేతికిచ్చి, నీ మాట వాళ్లకు బాగా ఎక్కుతుంది, నువ్వే చదివి చెప్పు అన్నారు.

తల్లుల సంగతి మొదట రాసి ఉంది. ఆ ఊరి తల్లులంతా ఈ గుట్టల్లోనే వేల ఏళ్లుగా ఉన్నవాళ్లు. బాగుంది. తర్వాత తండ్రుల సంగతి. ఎగువింటివారు, వాగింటివారు ఒక్క తండ్రి సంతానం. దగ్గరి తరాల్లోనే రెండు ఇళ్లుగా చీలి, ఆ సంగతి మరిచిపోయి ఒకరితో ఒకరు పిల్లలను ఇచ్చిపుచ్చుకుంటున్నారు. వాగింట్లో తేడాగా ఉన్న ముగ్గురు మాత్రం బయటి నుంచి వచ్చి చేరినవాళ్లు కావచ్చు.

ఆ ముగ్గురే అసలైన వాగింటివాళ్లు. తక్కిన ఐదుగురూ నేను పుట్టించినవాళ్లు.

పక్కన సార్ మొహం వెలిగిపోతోంది. ఈ రెండు ఇళ్ల సంగతే మన పేపర్‌కు గుండెకాయ సంజయ్ అన్నారు. ఒక ఊళ్లోవాళ్ల గుర్తులు కలవడం మామూలే కాబట్టి ల్యాబులో ఎవరికీ అనుమానం రాలేదు. చెప్పాలంటే అప్పుడే చెప్పాలి. కాటారంలో చాయ్ తాగడానికి ఆగినప్పుడైనా చెప్పాలి. గ్లాసు ఖాళీ అయ్యేదాకా నోట్లో మాట నోట్లోనే తిప్పుకున్నాను. పర్మనెంటు ఫైలు అప్పుడు సార్ టేబుల్ మీద ఉంది. అంతకు మించి నాకు వేరే కారణం లేదు, వెతికినా దొరకలేదు.

ఊరంతా పెద్దులు ఇంటి ముందు కూర్చుంది. లతకు నాలుగో నెల. కడుపు ఇంకా కనిపించడం లేదు గానీ, కట్టమ్మ కోడలిని కింద కూర్చోనివ్వకుండా మంచం మీద కూర్చోబెట్టింది. నేను కాగితం చదివాను. తల్లుల సంగతి విని ఆడవాళ్లు నవ్వారు. తండ్రుల సంగతి చదివాక ఎవరూ నవ్వలేదు.

ఐలేశ్ లేచి, నేనైతే నెత్తురు ఇయ్యలేదు, మిర్చికి పోయిన అన్నాడు. నువ్వు ఇయ్యకుంటేంది, మీ ఇంటోళ్లు ఇచ్చిన్రు గద అని ఎవరో అన్నారు. ఎవరెవరు ఇచ్చారని ఒక్కరు లెక్క అడిగితే చాలు, అక్కడికక్కడ నేను దొరికిపోయేవాణ్ణి. దొరికిపోవాలనే నాలో ఏదో మూల కోరుకున్నాను కూడా. ఎవరూ అడగలేదు. నేను కాగితం మడత పెట్టి తల వంచుకున్నాను.

పెద్దులు నన్నే అడిగాడు. "అంటె నేను, కట్టమ్మ ఒక్క ఇంటోళ్లమా?"

"కాగితంల అట్లనే ఉన్నది పెద్దనాయినా," అన్నాను.

సార్‌కు అప్పుడు అర్థమైంది తను ఏం తెచ్చారో. కంగారుగా లేచి, ఇది చదువుకోవడానికి పనికొచ్చే సంగతే తప్ప పెళ్లిళ్లకు సంబంధం లేదని, ఎన్నో తరాల కిందటి చుట్టరికం వల్ల పిల్లలకు ఏమీ కాదని చెప్పారు. పెద్దులు ఆయనను కోప్పడలేదు.

"ఎరుక లేక చేసిందానికి అమ్మోరు కాస్తది సారూ. ఎరుకైనంక చేస్తె ఎవలు కాస్తరు?" అన్నాడు.

నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషి, ఆ మాట అని లోపలికి పోయి తన గొంగడి, ఒక చెంబు తెచ్చుకుని, చేను దగ్గర మంచె కిందికి వెళ్లిపోయాడు. కట్టమ్మ గుమ్మంలో నిలబడి చూసింది, ఆపలేదు. ఐలేశ్ కూతురి చెయ్యి పట్టుకుని తన ఇంటికి తీసుకుపోయాడు. నగేశ్ అడ్డం పోబోతే నలుగురు పట్టుకున్నారు. ఆ పిల్ల పోతూ పోతూ నా వైపు చూసింది. కోపంగా కాదు. ఇంకా ఏమైనా చెబుతాడేమో అన్నట్టు చూసింది.

తిరుగు దారిలో సార్ ఒక్కటే మాట అన్నారు, చెప్పకుండా ఉండాల్సింది అని.

వారం తర్వాత నగేశ్ ఫోన్ చేశాడు. ఊళ్లో సిగ్నల్ ఉండదు, అందుకోసం కిందికి దిగి వచ్చాడట.

"అన్నా, జర మల్లొక్కసారి పరీక్ష చెయ్యరాదె. లతకు ఐదో నెల వడ్తది. కడుపు తీపియ్యనీకి దవాఖానకు తీస్కపోతమంటున్నరు. నీ కాళ్లు మొక్కుత," అన్నాడు.

సార్‌ను అడుగుతానని చెప్పాను. అడగలేదు. ఇవాళ కాదు రేపు అనుకుంటూ పదకొండు రోజులు గడిపాను. మనసులో కథలు అల్లుకున్నాను. వాళ్లే సర్దుకుంటారు, మనవడి మీద ప్రేమ నియమాన్ని గెలుస్తుంది, ఇలాంటివి. పిరికివాడికి ఇటువంటి కథలు బాగా వస్తాయి. రోజూ అన్నం తిన్నాను, క్రికెట్ చూశాను. అందులో మొదటి వారం ఏ రోజు చెప్పినా చాలు, ఒక ప్రాణం దక్కేది. ఈ సంగతి రాస్తుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది, అయినా రాయాలి.

పన్నెండో రోజు సార్ గదిలోకి పోయి అంతా చెప్పేశాను. ఆయన అరవలేదు. కళ్లద్దాలు తీసి పక్కన పెట్టి, ఇప్పుడే ఫోన్ చెయ్యి, వెంటనే బయల్దేరు, నీ సంగతి తర్వాత చూస్తాను అన్నారు. నగేశ్ ఫోన్ స్విచాఫ్. మర్నాడు తెల్లవారే కాటారం బస్సెక్కి, అక్కడ ఆటో మాట్లాడుకుని, గుట్ట ఎక్కేసరికి మధ్యాహ్నం రెండయింది. వాళ్లు కొడతారని తెలుసు. కొట్టాలనే నాకూ ఉంది.

ఊరికి ముందే వాగు పక్కన ఐలేశ్ పత్తిచేను. లత ఒక్కతే గట్టు మీద కూర్చుని ఉంది. ఒడిలో పత్తి లేదు, చేతిలో పని లేదు. నన్ను చూసి లేవబోయి, నడుము పట్టుకుని మళ్లీ కూర్చుంది. అది చూడగానే నాకు అర్థమైంది. అయినా వచ్చిన పని ఆపలేకపోయాను. నిలబడే చెప్పాను. ట్యూబులు, చీటీలు, వేలిముద్రలు, అన్నీ. మీరు ఒక్క ఇంటివాళ్లు కారు, ఎప్పుడూ కారు అని చెప్పాను.

ఆమె ఏడవలేదు. నేల వైపు చూస్తూ అడిగింది. "ఎప్పటి సంది ఎరుక నీకు?"

"మీటింగు నాటి సంది."

"ఆయన ఫోను చేసిననాడు గూడ ఎరుకేనా?"

"ఎరుకే."

"మేం దవాఖానకు పోయింది మొన్న సోమవారం," అంది.

ఆ రోజు గురువారం. ఊళ్లోకి పోయి అందరి ముందు ఒప్పుకుంటాను, నన్నేమైనా చేసుకోండి, మీరిద్దరూ మళ్లీ ఒక్కటవుతారు, పెద్దనాయిన ఇంటికి తిరిగొస్తాడు అని ఏదేదో అంటున్నాను. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"ఎవలకు చెప్పకు అన్నా."

"చెప్పకుంటె ఎట్ల లతా?"

"దవాఖానకు నన్ను తీస్కపోయింది ఎవలనుకున్నవు? మా అత్త. తప్పు బిడ్డ పుట్టొద్దని ఆమెనే మా నాయినను ఒప్పిచ్చింది. రెండు దినాలు నా కాళ్లకాడ కూసున్నది. గిప్పుడు నువ్వు పోయి, అది తప్పు బిడ్డ కాదు, నీ మనుమడే అని చెప్తవా? చెప్తె ఆమె బతుకుతదా?"

"ఆమె సంగతి ఇడిసిపెట్టు," మళ్లీ తనే అంది. "నేనన్న బతుకాల్నంటె అది తప్పే అయి ఉండాలె. కాదంటె నేను సంపుకున్నది ఎవల్ని?"

నగేశ్ పేరు ఎత్తబోయాను. ఆయనను అన్నా అని పిలుచుడు నేర్చుకుంటున్న అని చెప్పి, మొహం అవతలికి తిప్పుకుంది. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు.

ఆమె మాట విన్నాను. ఆమె కోసమే విన్నానో, చెప్పకపోవడం నాకే సులువు కాబట్టి విన్నానో ఇప్పటికీ తేల్చుకోలేదు. సార్ పేపర్ ఆపేశారు, కారణం మాత్రం ఎక్కడా రాయలేదు. నన్ను తీసేశారు. ఇప్పుడు మళ్లీ జనగామలో, అదే ల్యాబులో, అదే కుర్చీలో ఉన్నాను. ఎవరి చెయ్యి పట్టుకున్నా నరం ఒక్క పోటుకే దొరుకుతుంది.

ఆ రోజు కట్టమ్మ కంట పడకుండా దిగిపోదామనుకున్నాను, కుదరలేదు. దారిలోనే ఎదురైంది. మూడు వారాల్లో మనిషి సగమైంది. ఏమన్న కొత్త ముచ్చట తెచ్చినవా కొడుకా అని భయం భయంగా అడిగింది. ఏం లేదవ్వా, ఊరికే వచ్చిన అన్నాను. ఆమె గట్టిగా ఊపిరి వదిలింది. నువ్వు వస్తున్నవంటేనే గుండె దడదడ కొట్టుకుంటది బిడ్డా అంది. తర్వాత నన్ను అక్కడే ఉండమని ఇంటికి పోయి, మూతపెట్టిన గిన్నె ఒకటి గుడ్డలో కట్టి తెచ్చింది.

"నువ్వు కిందికే పోతున్నవు గద. గీ బువ్వ మీ పెద్దనాయినకు ఇచ్చిపో. నేను పోవద్దు," అంది.

తీసుకున్నాను. వేడిగా ఉంది. మంచె కింద పెద్దులు తాడు పేనుకుంటున్నాడు. గడ్డం పెరిగింది. గిన్నె ఎవరిచ్చారని అడగలేదు, ముడి చూసి గుర్తుపట్టాడు. చెయ్యి కడుక్కుని, మూత తీసి, మొదటి ముద్ద కలిపి, నోట్లో పెట్టుకోకుండా నా వైపు చూశాడు.

"ఆమె తిన్నదా?" అన్నాడు.

నేను అడగలేదు. తిన్నదనే చెప్పాను.